డెల్మర్ గారికి శాలువా

లార్కిన్ అకాడమీ లైబ్రరీలో ఒక పుస్తకం కనిపించడం లేదు.

యాభై నాలుగు ఉండాలి. యాభై మూడే ఉన్నాయి. స్పందన రెండుసార్లు లెక్కపెట్టింది. ఆమె టెక్సస్‌లోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అందరూ బాగుందని వదిలేసిన చోట తప్పు వెతకడం ఆమె ఉద్యోగం.

అవి ఇయర్‌బుక్‌లు. ఏడాదికొకటి చొప్పున, ఆ ఏటి పిల్లల ఫొటోలతో, టీచర్ల పేర్లతో అచ్చువేసిన లావుపాటి పుస్తకాలు. స్కూలు 1970లో మొదలైంది, అంటే మొదటి విద్యా సంవత్సరం ముగిసిన 1971లో తొలి పుస్తకం రావాలి. కానీ అరలో మొదటి పుస్తకం 1972ది.

"అంతకు ముందుది ఎక్కడ?" అని లైబ్రేరియన్‌ని అడిగింది.

"పైపు పగిలి తడిసిపోయింది."

"ఎప్పుడు?"

"నేను చేరకముందే."

స్పందన 1972 పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. అట్ట మీద ఒక్క నీటి మరక లేదు. పక్కవాటి మీదా లేదు. వరసలో ఒక్క పుస్తకాన్నే ఎంచుకుని తడిపిందంటే ఆ పైపు చాలా క్రమశిక్షణ గలదై ఉండాలి.

ఆమె థ్యాంక్స్ చెప్పి బయటకు వచ్చింది. ఫౌండర్స్ డేకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ లోపల సన్మాన పత్రం రాయాలి.

*

సన్మానం ఆలోచన చక్రపాణి గారిది. పుట్టింది ఆయన గరాజ్‌లో.

చక్రపాణి గారికి యాభై ఎనిమిదేళ్లు. గుడివాడ మనిషి. ఫ్రిస్కోలో ఆయన ఇంటి గరాజ్‌లో ప్రతి శనివారం నలభై ముగ్గురు పిల్లలు తెలుగు నేర్చుకుంటారు. ఆయన కార్లు రెండూ ఎండలో ఎండుతుంటాయి. అఆల క్లాసు గడ్డి కోసే మెషీన్ పక్కన, గుణింతాల క్లాసు పాత ఫ్రిజ్ పక్కన. గుణింతాల క్లాసుకే హాజరు ఎక్కువ. ఫ్రిజ్ తలుపు అప్పుడప్పుడూ తెరుచుకుంటుంది మరి.

ఏప్రిల్ పన్నెండో తేదీ శనివారం ఆయన ఒక కాగితం పట్టుకుని నిలబడ్డారు. కాలనీ అసోసియేషన్ నోటీసు. శనివారాలు వీధిలో ముప్పై కార్లు ఆగుతున్నాయి, ఈ నెలాఖరులోగా క్లాసులు ఆపేయాలి.

"పద్దెనిమిది దినాలు" అన్నాడు రఘు. స్పందన భర్త, క్లాసుకు సెక్రటరీ. కరీంనగర్ మనిషి. "పబ్లిక్ లైబ్రరీల అడిగినం, రూముల్లేవన్నరు. గుళ్లె వెయిటింగ్ లిస్టుల పెట్టిన్రు. ఇగ మిగిలింది మా హంసిక స్కూలే అన్నా. శనివారం ఇరవై రూములు ఖాళీగ ఉంటయ్."

హంసిక వాళ్లమ్మాయి. లార్కిన్ అకాడమీలో తొమ్మిదో తరగతి. లార్కిన్ ఫ్రిస్కోకి ఉత్తరాన అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడ చేర్పించడానికి రఘు చెప్పిన కారణం ఒక్కటే. "యూనిఫాం ఉంది, టై ఉంది. మన కాన్వెంట్ లెక్క ఉంది." ఈ మాట గ్రూపులో పాకి, రెండేళ్లలో పన్నెండు తెలుగు కుటుంబాలు ఆ స్కూల్లో చేరాయి.

"అడుగుదాం" అంది స్పందన.

"అడిగితే ఇవ్వరమ్మా" అన్నారు చక్రపాణి గారు. "ముందు మనం ఇవ్వాలి. శాలువా కప్పాలి. శాలువా కప్పించుకున్న మనిషి నోట్లోంచి 'నో' అనే మాట రాదు. ముప్పై ఏళ్ల అనుభవంతో చెప్తున్నా."

"ఎవరికి కప్పుదాం?"

"ఆ స్కూలు పెట్టినాయనకి! వాల్టర్ డెల్మరంట. తొంభై రెండేళ్లంట. ఇంకా ఉన్నాడంట. బడి పెట్టడమంటే మాటలా? అలాంటి మహానుభావుడికి యాభై అయిదేళ్లలో ఒక్కడు ఒక్క శాలువా కప్పలేదంటే ఈ దేశాన్ని ఏమనాలి?"

ఎవరికీ ఏమనాలో తోచలేదు. కాబట్టి సన్మానం ఖాయమైంది. ఇరవై అయిదో తేదీ ఫౌండర్స్ డేలో పది నిమిషాలు ఇస్తామని ప్రిన్సిపాల్ మిస్ క్లేటన్ మెయిల్ పెట్టింది. శనివారం గదుల సంగతి ఆ తర్వాత బోర్డుతో మాట్లాడతానంది.

"పత్రం స్పందన రాస్తుంది" అన్నారు చక్రపాణి గారు. "స్టేజి మీద హంసిక చదువుతుంది. పోయినేడు డ్యాన్స్ టీచర్‌కి ఇచ్చింది నా దగ్గరుంది. పేరు మార్చేస్తే చాలు."

"అందులో 'మీ గజ్జెల సవ్వడికి టెక్సస్ పులకించింది' అని ఉందండీ."

"గజ్జెలు తీసేసి గంట పెట్టు. స్కూలు గంట. మధ్యలో 'ఏ ఆశయంతో స్థాపించారు' అని ఒక పేరా ఉండాలి. అదొక్కటి కనుక్కో. శాలువాలు న్యూజెర్సీలో ఐసెలిన్ నుంచి మా తోడల్లుడు పంపిస్తున్నాడు. రెండు."

"రెండెందుకు?"

"ఒకటి ఎప్పుడూ ఎక్స్‌ట్రా ఉండాలమ్మా. స్టేజి మీదకి ఎవడొస్తాడో మనకి తెలీదు."

హంసిక చెయ్యెత్తింది. "అంకుల్, జేడా అప్లికేషన్ ఏమైంది?"

జేడా హంసిక క్లాస్‌మేట్, డిబేట్ టీమ్‌లో జోడీ. నల్లజాతి అమ్మాయి. క్లాసులో టీచర్లకు అర్థం కాకుండా చీటీలు రాసుకోవడానికి ఇద్దరూ తెలుగు అక్షరాలు వాడేవాళ్లు. జేడాకు అప్పటికే సగం ఓనమాలు వచ్చేశాయి. మిగతావి పద్ధతిగా నేర్చుకుంటానని నెల కిందట అప్లికేషన్ పెట్టింది.

"చూద్దాం తల్లీ" అన్నారు చక్రపాణి గారు, నోటీసు మడుస్తూ. "ముందు మనవాళ్లకే చోటు లేదు."

నిజానికి చూడటం ఎప్పుడో అయిపోయింది. అప్లికేషన్ వచ్చిన రోజే ఆయన పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. 'మన పిల్లలు మనవాళ్ల మధ్య పెరగాలనే ఈ క్లాసు పెట్టుకున్నాం. ఇందులో ఎవరి మీదా ద్వేషం లేదు. పేరెంట్స్ కంఫర్ట్ ముఖ్యం.' దాని కింద ముప్పై ఒక్క బొటనవేళ్లు లేచాయి. స్పందన అప్పుడు రెడ్ సిగ్నల్ దగ్గర ఉంది. ఆకుపచ్చ పడేలోగా తనూ ఒక వేలు నొక్కేసింది.

*

లైబ్రరీ నుంచి వచ్చేసరికి హంసిక, జేడా కారు దగ్గర ఎదురుచూస్తున్నారు. ఆ వారం ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్లే వంతు స్పందనది.

"దొరికిందా అమ్మా?"

"లేదు. మొదటి ఇయర్‌బుక్కే లేదు. తడిసిపోయిందట."

వెనక సీట్లో జేడా బెల్టు పెట్టుకుంటూ ఆగింది. "1971దా? అది మా గ్రాండ్‌మా దగ్గరుంది ఆంటీ."

స్పందన అద్దంలోంచి చూసింది. "మీ గ్రాండ్‌మా ఇక్కడే చదివారా?"

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

"లేదు ఆంటీ" అంది జేడా. "జోక్ అదే."

*

జేడా అమ్మమ్మ పేరు లోరెట్టా. డెబ్భై ఏళ్లు. లార్కిన్ పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో ఎవరి ఇంటికి ఏం వచ్చిందో, ఎవరు తలుపు తీయలేదో అన్నీ తెలిసిన మనిషి. జేడాని దింపడానికి వెళ్లిన స్పందన, హంసిక ఆవిడ ఇంట్లో కూర్చున్నారు.

"సన్మానం అంటే ఏం చేస్తారు?" అని అడిగారు ఆవిడ, మాట ఇంగ్లీషులోనే అయినా ఆ ఒక్క పదాన్నీ జాగ్రత్తగా పలికి.

"శాలువా కప్పుతాం" అంది స్పందన. "ఆయన గొప్పతనం గురించి రాసింది గట్టిగా చదువుతాం. ఫ్రేమ్ కట్టి ఇస్తాం."

"డెల్మర్‌కి?"

"అవునండీ."

"శాలువా?"

"అవును."

లోరెట్టా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని స్పందన కంగారుపడింది. ఆవిడ నవ్వాపుకుంటున్నారు.

"జేడా, ఆ పుస్తకం పట్రా. ఇలాంటిది చూడ్డానికే దేవుడు నన్ను ఇన్నాళ్లు ఉంచాడు."

పుస్తకం నీలం అట్టతో ఉంది. పొడిగా ఉంది. ఎవరో చనిపోయాక వాళ్ల ఇంటి సామాన్లు అమ్మేస్తుంటే అందులో దొరికిందట. స్పందన తిప్పింది. పేజీ నిండా పిల్లలు. తర్వాతి పేజీ నిండా పిల్లలు. పన్నెండు తరగతులు, నూట నలభై మంది. అందరూ తెల్లపిల్లలే.

"స్కూలు ఏ తేదీన తెరిచారు?" అని అడిగింది. తేదీలు చూసి కారణం పట్టుకోవడం ఆమెకు అలవాటు.

"ఆగస్టు ముప్పై ఒకటి."

"అంతకు ముందు ఏం జరిగింది?"

"అదీ అడగాల్సిన ప్రశ్న" అన్నారు లోరెట్టా. "అప్పుడు నాకు పదిహేనేళ్లు. మేము కార్వర్ స్కూల్లో చదివేవాళ్లం. అది నల్లపిల్లల బడి. తెల్లపిల్లలకి వేరే ఉండేది. ఆగస్టు పన్నెండున కోర్టు ఆర్డర్ వచ్చింది. ఇక అందరూ ఒకే బడిలో, ఒకే గదిలో కూర్చోవాలని. పంతొమ్మిది రోజుల్లో డెల్మర్ తన పశువుల దాణా గోడౌన్ కడిగించి, కోర్టు ఆర్డర్ అంటని ఈ ప్రైవేటు బడి మొదలుపెట్టాడు. కౌంటీవాళ్లు మా కార్వర్ మూసేశారు. మా కుర్చీలు లారీలెక్కి అక్కడికి వెళ్లాయి. మేము వాకిట్లో నిలబడి చూశాం."

స్పందన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"మరి జేడాని అక్కడెందుకు చేర్పించారు?"

"డిబేట్ కోచ్ మంచివాడు" అన్నారు ఆవిడ. "పైగా కుర్చీలు మావి. ఎవరో ఒకళ్లు వెళ్లి కూర్చోవాలి కదా. మూడో పేజీ చూశావా?"

స్పందన మూడో పేజీ తీసింది. స్థాపకుడి సందేశం. టై కట్టుకున్న ముప్పై ఏడేళ్ల డెల్మర్ ఫొటో. కింద నాలుగు లైన్లు. ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన ఫోను తీసి, ఏమీ చూడకుండానే మళ్లీ లోపల పెట్టేసింది.

సిగ్నల్ దగ్గర నొక్కిన ఆ బొటనవేలు ఎందుకో చురుక్కుమంది.

"పోతే, హంసికా" అన్నారు లోరెట్టా, మామూలుగానే. "మా జేడా మీ శనివారం క్లాసుకి అప్లికేషన్ పెట్టింది. కబురేమైనా వచ్చిందా?"

*

"శాలువాలు వచ్చేశాయి!" అన్నారు చక్రపాణి గారు, సంగతంతా విని. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

శనివారం క్లాసు అయిపోయింది. గరాజ్‌లో స్పందన, రఘు, హంసిక, ఆయన మిగిలారు. గడ్డి మెషీన్ మీద రెండు శాలువాలు కవర్లలో మెరుస్తున్నాయి.

"యాభై అయిదేండ్ల కింది ముచ్చట" అన్నాడు రఘు. "ఇప్పుడు గిట్ల లేదు కదా. మన పిల్లలే ఉన్నరు అండ్ల. ఎందుకు తవ్వుడు? ఆ పేరా ఇడిసిపెట్టి, గంట గురించి రాయ్."

"నేను చదవను నాన్నా" అంది హంసిక.

"ఏంది?"

"గంట గురించి చదవను. జేడా మూడో రోలో కూర్చుంటది. వాళ్ల గ్రాండ్‌మా కూడా వస్తది. నేను స్టేజి మీద డెల్మర్ గ్రేట్ అని చదివితే, అది లై. తర్వాత జేడాతో నేను ఎట్లా మాట్లాడాలి?"

"గదులు పోతాయమ్మా" అన్నారు చక్రపాణి గారు. బతిమాలుతున్నట్టుగా ఉంది గొంతు. "నలభై ముగ్గురు పిల్లలు. ఇంకో పది రోజులు. నేను ఇరవై చోట్ల అడిగా. ఇదొక్కటే తలుపు."

స్పందన పుస్తకాన్ని హంసిక చేతికిచ్చింది. "మూడో పేజీ చదువు. తెలుగులో చెప్పు."

హంసిక వేలు పెట్టి, మెల్లగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చదివింది. "మన పిల్లలు... మనవాళ్ల మధ్య... పెరగాలని... ఈ స్కూలు పెట్టుకున్నాం. దీంట్లో ఎవరి మీద... హేట్ లేదు. పేరెంట్స్ కంఫర్ట్..."

"ఆ, ఆ, అది నేను పెట్టిన మెసేజే కదా" అన్నారు చక్రపాణి గారు విసుగ్గా. "అది మళ్లీ ఇప్పుడెందుకు? మూడో పేజీ చదవమంది మీ అమ్మ."

హంసిక పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"అంకుల్" అంది హంసిక. "ఇది మూడో పేజీ."

ఆయన పుస్తకం లాక్కున్నారు. కళ్లజోడు నుదుటి మీంచి దించారు. చదివారు. ఫోను తీశారు, గ్రూపు తెరిచారు, పైకి పైకి జరిపారు. అదీ చదివారు. పుస్తకం ఒకసారి, ఫోను ఒకసారి, టేబుల్ టెన్నిస్ చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిరిగింది.

చివరికి ఫ్రిజ్ తెరిచి చల్లటి మజ్జిగ ప్యాకెట్ తీసుకుని, చించకుండానే పట్టుకుని, గుణింతాల వాళ్ల స్టూలు మీద కూర్చున్నారు.

"నేనేదో మంచి మాటే రాశాననుకున్నానయ్యా" అన్నారు.

"ఆయన గూడ గట్లనే అనుకున్నడేమో" అన్నాడు రఘు. అని, తన ఫోను తీసి, తను నొక్కిన బొటనవేలు కోసం వెతుక్కున్నాడు.

"పత్రం నేనే రాస్తా" అంది స్పందన. "ఒక్క తిట్టు ఉండదు. ఒక్క అబద్ధం కూడా ఉండదు. అలా అయితేనే హంసిక చదువుతుంది. గదులు వస్తే వస్తాయి, పోతే పోతాయి. సరేనా?"

చక్రపాణి గారు చాలాసేపు శాలువాల వైపు చూశారు.

"లామినేషన్‌కి గురువారం లోపల ఇవ్వాలి" అన్నారు.

*

ఇరవై అయిదో తేదీ. లార్కిన్ అకాడమీ ఆడిటోరియం నిండా మూడు వందల మంది. వాల్టర్ డెల్మర్ స్టేజి మీద చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. సన్నటి మెడ, పెద్ద కాలర్, చెవిలో మెషీన్. చక్రపాణి గారు పట్టుపంచెలో వెళ్లి ఆయనకు శాలువా కప్పారు. డెల్మర్ జరీ అంచు తడిమి చూసి, ఇదేదో బాగుందన్నట్టు తలూపాడు. హాలు చప్పట్లు కొట్టింది.

హంసిక మైకు దగ్గరికి వచ్చింది. మూడో వరసలో జేడా, పక్కన లోరెట్టా. హంసిక వాళ్లని చూసి, కాగితం చూసి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది.

"మాన్యులు శ్రీ వాల్టర్ డెల్మర్ గారికి. అయ్యా! 1970 ఆగస్టు పన్నెండున ఈ ఊళ్లో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే గదిలో చదువుకోవాలని కోర్టు చెప్పింది. ఆగస్టు ముప్పై ఒకటిన మీరు ఈ బడి తెరిచారు. పంతొమ్మిది రోజులు! మా గరాజ్‌లో ఒక ఫ్యాన్ బిగించడానికి కాలనీ అసోసియేషన్ అనుమతి కోసం మేము ఏడు నెలలు తిరిగాం. మీ వేగానికి మా నమస్కారం."

వెనక వరసల్లో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. మిస్ క్లేటన్ మొహం మీద చిరునవ్వు ఉన్నచోటే ఉండిపోయింది.

"మీ దగ్గర కుర్చీలు లేవు. కార్వర్ స్కూలు మూతపడింది, దాని కుర్చీలు లారీల్లో ఇక్కడికి వచ్చాయి. వాటిలో పదకొండు ఇప్పటికీ ఆర్ట్ రూములో ఉన్నాయి. బోల్తా కొట్టించి చూశాం. అడుగున కార్వర్ అని ఉంది. ఎంత గట్టి కుర్చీలో! ఏ ఆశయంతో ఈ బడి పెట్టారో మొదటి ఇయర్‌బుక్ మూడో పేజీలో మీరే రాశారు. 'మన పిల్లలు మనవాళ్ల మధ్య పెరగాలని ఈ స్కూలు పెట్టుకున్నాం. ఇందులో ఎవరి మీదా ద్వేషం లేదు. తల్లిదండ్రుల సౌకర్యం ముఖ్యం.'"

ఇప్పుడు హాల్లో ఎవరూ నవ్వడం లేదు. హంసిక కాగితం మీద వేలు కింది లైనుకి జరిపింది.

"అయ్యా, మిమ్మల్ని తప్పుపట్టబోయి మా ఫోన్లు చూసుకున్నాం. పోయిన నెల మా తెలుగు క్లాసు గురించి మేము ఇవే మాటలు రాసుకున్నాం. మీ పుస్తకం చూడకుండానే. ఈ రోజు ఇక్కడ నేను నిలబడ్డాను, నా ఫ్రెండ్ జేడా అక్కడ కూర్చుంది. మీరు కోరుకున్నది ఇది కాదు. అయినా ఇదీ మీ బడి చరిత్రే. ఎవరూ చెప్పడం లేదు కాబట్టి మేము చెప్పాం. దయచేసి ఈ శాలువా స్వీకరించండి."

స్వీకరించడం ఎప్పుడో అయిపోయింది. ఆయన దాన్ని కప్పుకునే ఉన్నాడు.

మిస్ క్లేటన్ మైకు వైపు రెండడుగులు వేసింది. డెల్మర్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"ఎవరు రాశారిది?"

స్పందన క్లాసులో పిల్లలా చెయ్యెత్తింది.

"ఆ పుస్తకం ఎక్కడ దొరికింది? అన్నీ తీసేయించాననుకున్నానే."

"లైబ్రరీలోది తడిసిపోయిందట కదండీ?"

"తడవడమా?" ముసలాయన గొంతు గరగరలాడింది. "నేనే పట్టుకెళ్లాను. 1998లో. మా మనవడు ఇక్కడ చేరిన ఏడు. వాడికి పుస్తకాల పిచ్చి. మూడో పేజీ చదివి నన్నేమైనా అడుగుతాడేమోనని." ఆయన శాలువా అంచు వేళ్లతో నలిపాడు. "వాడికిప్పుడు నలభై దగ్గరపడుతున్నాయి. ఇంతవరకూ ఏమీ అడగలేదు. మీరు దుప్పటి కప్పి మరీ అడిగారు."

అది పశ్చాత్తాపమో కాదో ఎవరికీ తెలియలేదు. ఆయనకే తెలిసినట్టు లేదు. ఆయన తల తిప్పి చక్రపాణి గారి వైపు చూశాడు.

"మీకు ఇక్కడ గదులు కావాలట. శనివారం బడికి."

"అవునండీ" అన్నారు చక్రపాణి గారు. చేతిలో రెండో శాలువా ఉంది.

"అందులో ఎవర్ని చేర్చుకుంటారు? మీవాళ్లనేనా?"

మూడు వందల మంది చక్రపాణి గారి వైపు తిరిగారు. పన్నెండు తెలుగు కుటుంబాలు ఊపిరి బిగబట్టాయి. ముప్పై ఏళ్లలో ఆయన వంద స్టేజీలెక్కారు. ఏ స్టేజీ మీదా ఎదుటివాడు తిరిగి ప్రశ్న అడిగింది లేదు. శాలువా కప్పించుకున్నవాడు మాట్లాడకూడదన్నది ఆయన ఎరిగిన ధర్మం.

"ఎవరైనా రావచ్చు" అన్నారు. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నారు, ఈసారి మైకు అక్కర్లేనంత గట్టిగా. "ఎవరైనా! మొదటి అడ్మిషన్ అయిపోయింది కూడా. అదిగో, ఆ అమ్మాయి!"

జేడా నోరు తెరిచింది. "అయిపోయిందా?" అంది హంసిక మైకులోనే.

ఇంక అక్కడ నిలబడటం ఆయన వల్ల కాలేదు. మెట్లు దిగి, తిన్నగా మూడో వరసకు వెళ్లి, చేతిలో ఉన్న ఎక్స్‌ట్రా శాలువా లోరెట్టా భుజాల మీద కప్పేశారు.

"ఎండలో టెక్సస్ మాడిపోతోంది" అన్నారు లోరెట్టా, వంద మందికి వినబడేలా. "నేనేం తప్పు చేశానని?"

ఈసారి నవ్వు హాలంతా పాకింది. డెల్మర్ ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. ఆవిడ కూడా చూపు తిప్పుకోలేదు. ముందుగా తల దించుకున్నది ఆయనే.

*

ఇరవై తొమ్మిదిన స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగా ఉంది. మీ కార్యక్రమం మరపురానిది, అయితే శనివారాల క్యాలెండర్ ఇప్పటికే నిండిపోయినందుకు చింతిస్తున్నాం.

"నిండిందట" అన్నారు చక్రపాణి గారు, ఖాళీ అవుతున్న గరాజ్‌లో నిలబడి. "ఇరవై గదులూ. శనివారం."

"సారీ అండీ" అంది స్పందన.

"నువ్వెందుకమ్మా సారీ? లామినేషన్ చేయించింది నేనేగా."

అప్పుడే ఆమె ఫోను మోగింది. లోరెట్టా.

"మా చర్చి హాలు శనివారం ఖాళీ" అన్నారు ఆవిడ, ఉపోద్ఘాతం లేకుండా. "ఏసీ లారీలా మోగుతుంది. బాత్రూము గొళ్లెం పడదు, పాట పాడుకుంటూ వెళ్లాలి. పార్కింగ్ బోలెడు. కావాలా?"

"కావాలి" అంది స్పందన. అరిచిందని తర్వాత రఘు చెప్పాడు.

మే మూడో తేదీ శనివారం నలభై ముగ్గురు పిల్లలూ లార్కిన్‌లో దిగారు. ఎర్ర ఇటుకల కట్టడం. పొడుగాటి కిటికీలు. గుమ్మం పైన సున్నం కింద పాత అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. కార్వర్. చర్చివాళ్లు ఇరవై ఏళ్ల కిందట కొనుక్కున్నారట. సున్నం రెండుసార్లు వేశారు, అక్షరాలు రెండుసార్లూ పైకి తేలాయట.

చక్రపాణి గారు కొత్త రిజిస్టర్ తెరిచారు. గరాజ్‌లో ఆయన రిజిస్టర్ పెట్టలేదు. ఇప్పుడు పెట్టాల్సి వచ్చింది. స్టేజి మీద ఆడిన అబద్ధాన్ని నిజం చేయడానికి అదొక్కటే దారి. వరస నంబరు ఒకటి ఎదురుగా జేడా చేత పేరు రాయించారు. జేడా తెలుగులోనే రాసింది. పక్క గడి దగ్గర ఆగింది.

"సొంతూరు అంటే?"

"నేటివ్ ప్లేస్" అంది హంసిక. "నేను కరీంనగర్ రాస్తా. అందరూ అట్లనే రాస్తరు. గుడివాడ, ఖమ్మం, ఒంగోలు. మేము ఎక్కడినుంచి వచ్చామో అది."

జేడా కలం పట్టుకుని గది చుట్టూ చూసింది. కిటికీ పక్కన లోరెట్టా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పదిహేనేళ్ల వయసులో తను కూర్చున్న చోటు అదేనట. కుర్చీ మాత్రం వేరే.

లార్కిన్, అని రాసింది జేడా.

ఏసీ మోగుతోంది. దాని పక్క చోటు కోసం గుణింతాల క్లాసు అప్పుడే తోసుకుంటోంది. చక్రపాణి గారు మొదటి వరస చూసి, రిజిస్టర్ మూసి, లోరెట్టా దగ్గరికి వెళ్లి వినయంగా నిలబడ్డారు. హాలు ఇచ్చినందుకు పద్ధతిగా, స్టేజి కట్టి, సన్మానం చేస్తామని విన్నవించుకున్నారు. పత్రం కూడా సమర్పిస్తామన్నారు.

లోరెట్టా స్పందన వైపు చూశారు. స్పందన అప్పటికే గోడమీది పాత ఫొటోల దగ్గర నిలబడి, కళ్లజోడు పైకెత్తి, ఒక తేదీని పరీక్షగా చూస్తోంది.

"శాలువా సరే" అన్నారు లోరెట్టా. "పత్రం మాత్రం ఆవిడ చేత రాయించకండి."